నరసింహం గారి రెండు నివేదికలు, కూలోళ్ల అప్పు

చిత్తూరు జిల్లా చెనక్కాయ చేలల్లో కలుపు తీసే ఆడకూలీకి మైదవోలు నరసింహం ఎవరో తెలియదు. అయితే ఆమెకు బ్యాంకులో అప్పు పుట్టే దారి చూపిందీ ఆయనే, తర్వాత ఆ దారిని కుదించమని సలహా ఇచ్చిందీ ఆయనే. అందుకే ఆయన ఉద్యోగ చరిత్రను మన రైతుకూలీలు తెలుసుకోవాలి.

ఆయన రిజర్వు బ్యాంకులో పరిశోధనాధికారిగా చేరారు. ఆ బ్యాంకు సిబ్బందిలోంచి గవర్నరైన మొదటి వ్యక్తి. 1977లో ఏడు నెలలు ఆ పదవిలో ఉన్నారు. అంతకు ముందు కేంద్ర ఆర్థిక శాఖలో అదనపు కార్యదర్శి. ఆ తర్వాత ప్రపంచ బ్యాంకు, ఐ.ఎం.ఎఫ్., మళ్లీ ఆర్థిక శాఖ.

1975 జూలైలో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఇందిరాగాంధీ ఇరవై సూత్రాలు ప్రకటించింది. వెట్టి రద్దు అన్నారు, కూలీల పాత బాకీలు వసూలు చేయరాదన్నారు. బాగానే ఉంది. సావుకారి చేయి ముడుచుకుంటే, రేపు బిడ్డకు జబ్బు చేస్తే అప్పెవరిస్తారు? పల్లెల్లో అప్పు సంగతి తేల్చమని వేసిన బృందానికి నరసింహం అధ్యక్షుడు. పల్లె తీరు తెలిసిన సిబ్బందితో, తక్కువ ఖర్చుతో నడిచే కొత్త బ్యాంకులు కావాలని ఆ బృందం చెప్పింది. సెప్టెంబరు 26న ఆర్డినెన్సు వచ్చింది, అక్టోబరు 2న మొదటి ఐదు బ్యాంకులు తెరిచారు. మూలధనంలో కేంద్రానిది నూటికి 50, రాష్ట్రానిది 15, స్పాన్సరు బ్యాంకుది 35. మొదట్లో అప్పులు చిన్న, సన్నకారు రైతులకు, వ్యవసాయ కూలీలకు, చేతివృత్తుల వాళ్లకు, చిన్న వ్యాపారులకే. వ్యవసాయ కూలీ అన్న మాట ఒక బ్యాంకు చట్టంలోకి ఎక్కడం చిన్న సంగతి కాదు. మన జిల్లాకు ఇండియన్ బ్యాంకు అండతో శ్రీ వేంకటేశ్వర గ్రామీణ బ్యాంకు అట్లా వచ్చిందే.

1991లో పి.వి. ప్రభుత్వం మళ్లీ ఆయన్నే పిలిచింది. ఈసారి బ్యాంకుల ఆరోగ్యం చూడమని. నవంబరులో వచ్చిన నివేదిక ప్రాధాన్యతా రంగపు అప్పుల్ని నూటికి 40 నుంచి 10కి దించమంది. ఆ 10లో సన్నకారు రైతు ఉన్నాడు, నిజమే. మరి మిగతా 30 ఎవరి పరం?

బ్యాంకు మునిగితే డిపాజిటు పెట్టిన పేదోడే మునుగుతాడు కదా అని కొందరు మేధావులు వాదిస్తారు. సరే, ముంచిందెవరు? 2018 నాటి మొండి బాకీల్లో అత్యధిక భాగం బడా రుణగ్రస్తులదేనని రిజర్వు బ్యాంకు లెక్కలే చెప్పాయి. ఎనుము కొనుక్కున్న కూలోడు కాదు.

ఆ 10 శాతం సిఫారసును సర్కారు ఒప్పుకోలేదు. 40 శాతం కాగితం మీద నిలిచింది. కానీ నివేదిక నూరిపోసిన బుద్ధి మాత్రం నిలబడిపోయింది. లాభం లేని శాఖ దండగ అన్నారు. 1990లలోనే గ్రామీణ బ్యాంకులు పేదలు కానివాళ్లకూ అప్పులివ్వచ్చన్నారు. బ్యాంకు వదిలిన చోట మైక్రోఫైనాన్సు కంపెనీలు దిగాయి. వాళ్ల వసూళ్ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్న ఆడవాళ్ల కథలు బయటపడ్డాకే 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చింది.

ఇక గుత్తకు చేసేవాడి సంగతి. 2019 చట్టం ప్రకారం సాగుదారు కార్డుకు భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని ఆయన భయం. పంట పెట్టేది ఒకడు, పంట రుణం ఇంకొకడికి! హామీ లేని వ్యవసాయ రుణాన్ని 2025 జనవరి నుంచి 2 లక్షలకు పెంచారు గానీ, చేతిలో ఏ కాగితమూ లేనోడికి అదెట్లా అందుతుంది? కమ్మలు కుదవ పెట్టుకోవాల్సిందే.

నరసింహం 2021 ఏప్రిల్‌లో హైదరాబాదులో కన్నుమూశారు. మన వేంకటేశ్వర బ్యాంకు 2006లో సప్తగిరి అయింది. 2025 మే 1న అదీ ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. చిత్తూరులో ఉన్న హెడ్డాఫీసు అమరావతికి పోయింది. ఈ కొత్త బ్యాంకు తన అప్పుల్లో భూమిలేని కూలీకి ఎంత, కౌలుదారుకు ఎంత, బంగారం మీద ఎంత అన్నది మండలాల వారీగా ప్రతి ఏటా ప్రకటించాలి. తిరుపతి, చిత్తూరు జిల్లాల బ్యాంకర్ల సమావేశాల్లో వ్యవసాయ కార్మిక సంఘాలకు చోటివ్వాలి.