పలకలు చేసిన చేతులకు బడి ఎంత దూరం?

మార్కాపురం పలక మీద ఎన్నో తరాల పిల్లలు అక్షరాలు దిద్దారు. ఆ పలకలు తయారుచేసిన చేతుల్లో ఆడవాళ్లవీ, బడి ముఖం చూడని పిల్లలవీ ఉన్నాయి. 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చాక కేంద్రం మొదట ప్రత్యేక ప్రాజెక్టులు పెట్టిన పరిశ్రమల్లో శివకాశి అగ్గిపెట్టెలతోపాటు మార్కాపురం పలకలూ ఉన్నాయి. పలక చేసిన పిల్ల చేతికి చదువుకునే పలక అందకపోవడం తల్లిదండ్రుల అజ్ఞానం వల్ల కాదు. ఈ ప్రాంతపు కరువూ, చాలని కూలీ, పాలకుల నిర్లక్ష్యమూ కలిసి చేసిన పని అది.

మార్కాపురం నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో, నల్లమల అంచున పెద్దదోర్నాల ఉంది. చుట్టూ చెంచు గూడేలు, మెట్ట పల్లెలు. ఇలాంటి చోట్ల ఉండేవి చిన్న బడులే. సంస్కరణ పేరుతో ఏది వచ్చినా ముందు వేటు పడేది వీటి మీదే. 2022 జూన్‌లో 117 నంబరు జీవో వచ్చింది. దానికి పెట్టిన పేరు హేతుబద్ధీకరణ. దాని కింద ఎన్నో ప్రాథమిక బడుల నుంచి 3, 4, 5 తరగతులను తీసి హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీవోను ఉపసంహరించి, ఆదర్శ ప్రాథమిక పాఠశాలల్లో తరగతికో టీచరు అన్నారు. తరగతికో టీచరు కావాలని మనమూ అడుగుతున్నాం. కానీ ఆ మేలు పిల్లలు ఎక్కువమంది ఉన్న బడికే దక్కుతుంది. జీవో మారింది గానీ తలలు లెక్కపెట్టే పద్ధతి మారలేదు.

ఈ ప్రాంతంలో ఒంటరిగా బడి నడిపే ఒక టీచరుతో మాట్లాడాను. ఐదు తరగతులూ ఒకే గదిలో. ఒకటో తరగతి పిల్ల చేత 'అ' దిద్దిస్తుంటే ఐదో తరగతి పిల్ల భాగహారం దగ్గర ఆగిపోయి కూర్చుంటుంది. టీచరుకు మీటింగు ఉంటే ఆ రోజు పాఠం లేనట్టే. హాజరుకు ముఖం చూపించడం, మరుగుదొడ్డి ఫొటోలు, భోజనం లెక్కలు అన్నీ సెల్‌ఫోన్‌లో ఎక్కించమన్నారు. "పాఠం చెప్పావా అని మాత్రం ఎవరూ అడగలేదు" అన్నదామె.

పిల్లలు లేనప్పుడు బడి ఎందుకని అధికారులు అడుగుతారు. పిల్లలు ఎందుకు లేరు? టీచరు లేని బడి నుంచి స్తోమత ఉన్నవాళ్లు తమ పిల్లల్ని, ముఖ్యంగా మగపిల్లల్ని, ప్రైవేటుకు మారుస్తారు. ఫీజు కట్టలేనివాళ్లూ, ఆడపిల్లలూ మిగులుతారు. అప్పుడు సంఖ్య తగ్గిందని బడి మూస్తే శిక్ష ఎవరికి?

ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపల ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతున్నాయి. అరవై మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 చట్టమే అంటోంది. బడి దూరమైతే రవాణా భత్యం ఇస్తామంటారు. ఎనిమిదేళ్ల పిల్లను రోడ్డు దాటించేదెవరు? తల్లి తోడు వెళ్తే కూలి పోతుంది. వెళ్లకపోతే పిల్ల ఇంట్లో తమ్ముణ్ణి ఆడిస్తుంది. ఆ తర్వాత వచ్చేది పెళ్లే. 2011 జనాభా లెక్కల్లో ప్రకాశం జిల్లా మగవాళ్ల అక్షరాస్యత 73 శాతం దగ్గర ఉంటే ఆడవాళ్లది 53 దగ్గరే ఆగింది. ఈ ఇరవై శాతం తేడాను ఏ హేతువు సమర్థిస్తుంది?

చదువు ఆడవాళ్ల గడప దగ్గరికి వస్తే ఏమవుతుందో పక్కనున్న నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల మొదట్లో ఊళ్లలో నడిచిన అక్షరాస్యతా తరగతుల్లో నుంచే సారా మీద ప్రశ్న లేచింది. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించక తప్పలేదు. దూరంగా ఉన్న ఆదర్శం కంటే దగ్గరున్న చిన్న బడే ఆడదానికి బలం.

విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీల్లో సగం స్థానాలు స్త్రీలకిచ్చింది. ఆ తల్లుల్ని సంతకాలకే పిలుస్తున్నారా, నిర్ణయాలకు పిలుస్తున్నారా? మన సంఘాలు ఆ కమిటీల్లోని స్త్రీలను కలవాలి. వాళ్ల రాతపూర్వక అంగీకారం లేకుండా ఏ తరగతినీ తరలించకూడదనీ, ప్రతి చిన్న బడికీ ఇద్దరు టీచర్లను ఇవ్వాలనీ మండలం నుంచి సచివాలయం దాకా అడగాలి. బడి ఎంత దూరమో ఇకనుంచి ఆ తల్లులే కొలవాలి.