ప్రకటన మెసేజ్‌కి మోటారు ఆగకూడదు



బోరు మోటారుకి, పురుగుల షెడ్డులో ఫాగరుకి మెసేజ్‌తో నడిచే డబ్బాలు మన పక్క చాలామంది పెట్టించుకుంటా ఉన్నారు. డబ్బా మంచిదే. నెట్ సరిగా అందని తోటకి కూడా మెసేజ్ పోతుంది, రాత్రి త్రీ ఫేజ్ వచ్చినప్పుడు టార్చి పట్టుకుని బోరుకాడికి పోయే పని తప్పుతుంది. కానీ అమ్మేవాళ్ళు ఒక సిమ్ వేసి, ఒక నెంబరు ఎక్కించి, ఒకసారి ఆన్ చేసి చూపించి వెళ్ళిపోతా ఉన్నారు. అది చాలదని మా అభిప్రాయం. వచ్చిన మెసేజ్‌ని డబ్బా ఎట్ల చదవాలో మన ఎదురుగా సెట్ చేయించుకున్నాకే డబ్బు ఇవ్వాల.

డబ్బాకి భాష రాదు. వచ్చిన అక్షరాలను తనలో రాసిపెట్టిన అక్షరాలతో పోల్చి చూస్తుంది, అంతే. ఈ పోల్చడం మోటుగా రాసి ఉంటే, మెసేజ్‌లో ఎక్కడైనా ఆన్ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు కనబడితే చాలు, నడిపేస్తుంది. స్టేషన్, కన్ఫర్మేషన్ అనే ఇంగ్లీషు మాటల చివర ఉండేవి ఆ రెండక్షరాలే. "50 శాతం ఆఫ్" అని బట్టలంగడి ప్రకటన వస్తే మోటారు ఆగిపోతుంది. వినడానికి నవ్వుగానే ఉంటుంది. నాలుగో జ్వరం దాటిన పురుగు షెడ్డులో ఉన్నప్పుడు మాత్రం నవ్వు రాదు. చాకీ పురుగుకి 27-28 డిగ్రీల వేడి, 85 శాతం దాకా తేమ కావాల. అయిదో దశకి 24-25 డిగ్రీలు, 70 శాతం తేమ చాలు. ఎవరి ప్రకటనకో ఫాగరు రాత్రంతా నడిచిందంటే పడక తడిసి, సున్నకట్టు రోగానికి మనమే దారి చేసినట్టు అవుతుంది.

కాబట్టి డబ్బా ముందు పంపినవాళ్ళ నెంబరు చూడాల. మన పట్టీలో లేని నెంబరైతే మెసేజ్ తెరవకుండానే తుడిచెయ్యాల. ఇక్కడ ఒక చిక్కుంది. డబ్బాకి నెంబరు ముందు ప్లస్ 91 చేరి కనబడుతుంది. మనం ఉత్త పది అంకెలే ఎక్కిస్తే రెండూ కలవక, మన మెసేజే మనకి పనిచెయ్యదు. చివరి పది అంకెలు మాత్రం పోల్చేటట్టు పెట్టమనండి. నెంబరు కలిసినాక మెసేజ్ మొత్తం మన మాటతో సరిపోవాల, అందులో ఒక ముక్క కలిస్తే చాలదు.

ఆ పట్టీలో ఎవరి నెంబర్లు ఉండాల? ఇదే మాకు అన్నిటికన్నా పెద్ద మాట. సాధారణంగా యజమాని నెంబరొకటే ఎక్కిస్తారు. ఆయన గూడు వేసుకుని రామనగరం మార్కెట్టుకి పోయుంటాడు, వేలం గొడవలో ఫోన్ మోగేది కూడా వినబడదు. షెడ్డులో పురుగుకి ఆకు వేసేది ఆడవాళ్ళు. తేమ ఎక్కువైందని ముందు కనిపెట్టేదీ వాళ్ళే. వాళ్ళ నెంబరు పట్టీలో లేకపోతే ఫాగరు ఆపడానికి మార్కెట్టులో ఉండే మనిషికి ఫోన్ చేసి బతిమాలాల్నా? ఇంటి ఆడవాళ్ళ నెంబరు మొదట ఎక్కించి, తర్వాత మగవాళ్ళది ఎక్కించండి.

మాటలు తెలుగులో పెట్టించాలని కొందరు అడుగుతా ఉన్నారు. పెట్టొచ్చు, కానీ తెలుగు అక్షరం డబ్బాకి ఒక కోడుగా పోతుంది, ఆ కోడు చదివేటట్టు విడిగా రాయించాల. అంతకన్నా, మనం ఇంట్లో తెలుగు మాట్లాడినా మన పిల్లలు కోలారు పక్క కన్నడంలో, హోసూరు పక్క తమిళంలో చదివినోళ్ళు. తెలుగులో రాయమంటే సగంమందికి చేతకాదు. అంకెలైతే అందరికీ వస్తాయి. 11 అంటే మోటారు నడపడం, 10 అంటే ఆపడం. ఫాగరుకి 21, 20. ప్లాస్టర్ మీద రాసి షెడ్డు తలుపుకి అంటించొచ్చు.

ఇంకో సంగతి, తిరుగు మెసేజ్. "ఆన్ అయింది" అని వస్తుంది, మోటారు మాత్రం తిరగదు. ఫేజ్ లేకపోయినా లోపల రిలే కొట్టుకుంటే అదే జవాబు పంపే డబ్బాలున్నాయి. మోటారు కరెంటు తీసుకుంటా ఉందా లేదా చూసి జవాబిచ్చేది అడగండి, ధర కొంచెం ఎక్కువైనా సరే.

సిమ్‌లో మెసేజ్‌లకి చోటు తక్కువ. చదివినాక తుడిచే సెట్టింగ్ లేకపోతే అది నిండి, కొత్త మెసేజ్ లోపలికి రాదు. ఆ సిమ్‌ని ఫోన్‌లో వేసి 1909కి చెప్పి ప్రకటనలు ఆపించండి. డబ్బా 2జీది అయితే జియో సిమ్ పనిచెయ్యదు, ఇది కొనకముందే అడగాల.

వచ్చే బ్యాచ్ చాకీ పురుగు ఇంటికి రాకముందు ఒక పరీక్ష చెయ్యండి. పట్టీలో లేని ఫోన్ నుంచి 11 పంపి చూడండి. తర్వాత మీ ఫోన్ నుంచే "50 శాతం ఆఫ్" అని ఇంగ్లీషులో పంపండి. రెండిటికీ డబ్బా కదలకూడదు. కదిలిందంటే అమ్మినవాళ్ళని పిలిపించండి, డబ్బా మోడల్ ఏదో గ్రూపులో రాయండి.