కౌలుదారు అవునా, కాదా: తేల్చేదెవరు?

పట్టాదారుకు, కౌలు రైతుకు తగాదా వస్తే పట్టాదారు నోట మొదట వచ్చే మాట ఒకటే: "ఆయన నా కౌలుదారే కాదు." ఆ ఒక్క మాటతో పంట, పెట్టుబడి పక్కకుపోయి, కేసు ఏ కోర్టుది అన్న పంచాయితీ మొదలవుతుంది. తహసీల్దార్ దగ్గరకు పోతే సివిల్ కోర్టుకు పొమ్మంటారు. సివిల్ కోర్టుకు పోతే ఇది కౌలు చట్టం కిందిదని ఎదుటి వకీలు అడ్డం పడతాడు. ఈ తిరుగుడులో రైతుకు ఏండ్లు గడిచిపోతాయి.

నిజానికి చట్టం ఇంత గందరగోళంగా లేదు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఆ చట్టం కింద తహసీల్దార్, ట్రిబ్యునల్, కలెక్టర్ తేల్చాల్సిన ప్రశ్నల్లో సివిల్ కోర్టు జోక్యం చేసుకోరాదని 99వ సెక్షన్ చెబుతుంది. కౌలులో ఉన్న భూమిని భూస్వామి తనంత తాను గుంజుకోరాదు, తహసీల్దార్ ఉత్తర్వు ఉండాలని 32వ సెక్షన్ చెబుతుంది. తహసీల్దార్ తీర్పు నచ్చకపోతే కలెక్టర్‌కు అప్పీలు, ఆపైన హైకోర్టుకు రివిజన్ ఉన్నాయి. కౌలుతో సంబంధం లేని వారసత్వం, అమ్మకం, అన్నదమ్ముల పంపకం తగాదాలు సివిల్ కోర్టువి.

రక్షిత కౌలుదారుల హక్కుపై మైలురాయి తీర్పు మన ఆదిలాబాద్ నుంచే వచ్చింది. ఉట్నూరు తహసీల్దార్ ప్రతివాదిగా ఉన్న కేసులో 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ ఒక మాట తేల్చింది. 38-ఇ సెక్షన్ కింద 1973 జనవరి 1న రక్షిత కౌలుదారుకు యాజమాన్యం చట్టం వల్లనే వచ్చేసింది. సర్టిఫికెట్ ఆ హక్కుకు రుజువు మాత్రమే. కౌలు చట్టప్రకారం రద్దు కాకుంటే, ఆ రోజు భూమి చేతిలో లేకపోయినా హక్కు పోదు. ఏజెన్సీ గ్రామాల్లో గిరిజన భూమిని గిరిజనేతరులు కౌలుకు తీసుకోవడమే 1/70 కింద చెల్లదు. ఆ కేసులు ఏజెంట్ కోర్టువి.

మరి నేటి నోటిమాట కౌలు రైతు సంగతి? 2018లో హుజూరాబాద్‌లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది. 2020లో ధరణి రికార్డు నుంచి అనుభవదారు కాలమ్‌నే తీసేసింది. పాసుబుక్కు తగాదాలు వినే రెవెన్యూ కోర్టులను అదే ఏడాది చట్టం రద్దు చేసింది. 2025లో వచ్చిన భూభారతి అప్పీలు దారి మళ్లీ తెరిచింది. అయితే కౌలు రైతు రుజువు లేకుండా ఏ కోర్టు మెట్లెక్కినా చేతికొచ్చేది శూన్యం. రుణ అర్హత కార్డులిచ్చే 2011 చట్టం ఉంది. ఆ కార్డు భూమిపై హక్కు ఇవ్వదు, అయినా పట్టాదార్లు భయపడుతున్నారు, అధికారులు పట్టించుకోవడం లేదు.

ఇదే నిజాం నాటి హైదరాబాద్ రాష్ట్రంలో ఉండిన మరాఠ్వాడాలో ఇదే చట్టానికి 99-ఏ సెక్షన్ చేర్చారు. సివిల్ దావాలో కౌలు ప్రశ్న లేస్తే కోర్టు దాన్ని కౌలు అధికారికి పంపి, జవాబు వచ్చాక దావా తేలుస్తుంది. రైతు రెండు ఆఫీసుల మధ్య తిరగడు, కాగితమే తిరుగుతుంది. మన దగ్గరా అదే పద్ధతి గట్టిగా నడవాలి. గడువు పెట్టి, గ్రామంలోనే ఇరుగుపొరుగు రైతుల సాక్ష్యం తీసుకొని తహసీల్దార్ తేల్చాలి. ప్రతి సీజన్‌లో సాగుదారు పేరు రికార్డుకెక్కాలి.

సభ్యులకు ఒక మాట. పాత పహాణీల సర్టిఫైడ్ నకళ్లు, విత్తనాల బిల్లులు, మార్కెట్ తక్‌పట్టీలు, కౌలు కట్టిన రసీదులు భద్రపరచండి. దరఖాస్తు ఇస్తే రసీదు తీసుకోండి. "మా పరిధి కాదు" అని ఎవరన్నా ఆ మాటనే రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. నోటిమాటపై అప్పీలు ఉండదు, రాతపైనే ఉంటుంది.