గుడ్డ మీది, కుట్టు నాది

చీరాలలో కాపురం అంటే గుడ్డల మధ్య కాపురమే! చిన్న బొంబాయి అని ఊరికే అనలేదు. ఒకప్పుడు ఇక్కడి తేలియా రుమాళ్ళు సముద్రం దాటి అరబ్బు దేశాలకు వెళ్ళేవి. ఇప్పటికీ జాండ్రపేట వైపు వెళితే మగ్గం చప్పుడు వినిపిస్తుంది. ఇక మా ఇళ్ళల్లో బీరువా తెరిస్తే కట్టని చీరలు, కట్టలేని చీరలు, ఎవరికీ ఇవ్వబుద్ధి కాని చీరలు ఎన్నో! అలాంటివి తెచ్చిస్తే సంచులు కుట్టిపెట్టడం నా పని. గుడ్డ వాళ్ళది, కుట్టు నాది. పెట్టుబడి తక్కువ కదా, మీలో చాలామంది మొదలుపెట్టవచ్చు. అయితే ముందుగా నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి.

మా వీధి చివర ఉండే ఒకావిడ వాళ్ళమ్మగారి కుప్పడం చీర తెచ్చారు. అమ్మ పోయి ఏడాదైందట. నలుగురు అక్కచెల్లెళ్ళకి నాలుగు సంచులు కావాలన్నారు. నేను చీర పరిచి, కొలిచి, బాగున్న చోటల్లా కత్తిరించాను. ఒకచోట చిరుగుకి చేత్తో వేసిన రఫ్ఫు కనిపించింది. ఇదెందుకులే అని ఆ ముక్క పీలికల బుట్టలో పడేశాను.

సంచులు చూసి ఆవిడ మురిసిపోయారు. ఆ తర్వాత అటూ ఇటూ తిప్పి చూసి, “అమ్మ రఫ్ఫు వేసిన చోటు ఏదండీ?” అన్నారు. నా గుండె జారిపోయింది. వాళ్ళకి ఆ చీరలో కావలసింది జరీ కాదు, అదే! అదృష్టం బాగుండి బుట్ట ఇంకా ఖాళీ చేయలేదు. ఆ ముక్క వెతికి, అంచులు మడిచి, పెద్దక్కయ్యగారి సంచికి లోపలి జేబుగా కుట్టిచ్చాను. ఆవిడ ఏమీ అనలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొత్త గుడ్డ పాడైతే కొట్టులో ఇంకోటి కొనివ్వవచ్చు. ఇలాంటిది ఎక్కడ కొంటాం చెప్పండి?

అప్పటినుంచీ కత్తెర పట్టేముందు పుస్తకం పడతాను. గుడ్డ తెచ్చినవారి ఎదురుగానే పరిచి, మరకలు, చిరుగులు చూపించి రాసుకుంటాను. ఏ భాగం తప్పకుండా ఉండాలి, అంచు పైకి రావాలా కిందికి రావాలా, సంచిలో ఏం మోస్తారు అని అడుగుతాను. పీలికతో సహా మిగిలిన గుడ్డంతా మూటకట్టి ఇచ్చేస్తాను.

తర్వాత గుడ్డ సత్తువ చూడాలి. వెలుతురుకి పట్టుకుంటే అరిగిన చోట్లు తెలుస్తాయి. రెండు బొటనవేళ్ళతో మెల్లగా లాగినప్పుడు పోగులు విడిపోతుంటే బరువుకి పనికిరాదని ముందే చెప్పేయండి. అలాంటిది గట్టి లైనింగ్ మీద వేసి కుడితే చేతి పర్సుగా పనికొస్తుంది. కొత్త నూలు గుడ్డయితే ఒకసారి తడిపి ఆరేశాకే కత్తిరించాలి, లేకపోతే తర్వాత ఉతికినప్పుడు సంచి ముడుచుకుపోతుంది. తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో కూడా చూసుకోండి.

కూరల సంచికి కొలతలు ఇవీ: అడుగు 14 అంగుళాల పొడవు, 4 అంగుళాల వెడల్పు, సంచి ఎత్తు 15 అంగుళాలు రావాలంటే, 19 అంగుళాల వెడల్పు, పందొమ్మిదిన్నర ఎత్తుతో రెండు ముక్కలు కత్తిరించాలి. లైనింగ్‌కి ఎత్తు రెండంగుళాలు తగ్గించుకోండి. దాన్ని పై గుడ్డ లోపలి వైపు పెట్టి, అర అంగుళం వదిలి పక్కలు, అడుగు కుట్టండి. అడుగు మూలలు త్రికోణంగా మడిచి, 4 అంగుళాల వెడల్పు వచ్చేచోట అడ్డంగా కుడితే సంచి కూర్చుంటుంది. పైన అర అంగుళం, ఆపైన అంగుళంన్నర మడిస్తే లైనింగ్ అంచు అందులోకి దూరిపోతుంది. అంచు అడుగుకి వస్తే రెండున్నర అంగుళాలు అడుగులోకి పోతుంది కాబట్టి అది పెద్దంచు చీరకే బాగుంటుంది.

హ్యాండిళ్ళకి 24 అంగుళాల పొడవు, 5 అంగుళాల వెడల్పు పట్టీలు రెండు. నాలుగు మడతలు వేసి కుట్టి, చివర్లు పై మడతలోకి దోపి, చదరంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తులా మళ్ళీ కుట్టండి. సంచి తెగేది ఎప్పుడూ ఇక్కడే! మందంగా ఉన్నచోట 16 నంబరు సూది వాడండి.

డబ్బు సంగతి. గుడ్డ వాళ్ళదే కదా, ఎంతో కొంత ఇస్తారులే అనుకోకండి. లైనింగ్, దారం, జిప్పు ఖర్చు కలిపి, పైన మీరు మెషీను ముందు కూర్చున్న గంటలకి కూలి వేయండి. పాత చీర విప్పి, చూసి, సర్దడానికే సగం పొద్దు పోతుంది, అదీ లెక్కే. ధర ముందే చెప్పి పుస్తకంలో రాసేస్తే చుట్టాలతో కూడా పేచీ ఉండదు.

120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులు కూడదని 2022 డిసెంబరు 31 నుంచి నిబంధన ఉన్నా, బజారులో అవింకా కనిపిస్తూనే ఉన్నాయి. మన చేతిలో గుడ్డసంచి ఉంటే వాటితో మనకేం పని?

ఆ పెద్దక్కయ్యగారు మొన్న మార్కెట్లో కనిపించారు. సంచిలో తోటకూర, వంకాయలు. చిల్లర మాత్రం ఆ లోపలి జేబులోంచి తీసిచ్చారు. నన్ను చూసి నవ్వారు. నాకప్పటికి మనసు కుదుటపడింది.

మీ బీరువాలోనూ అలాంటి చీర ఒకటి ఉండే ఉంటుంది. తీసి చూడండి. కత్తిరించేముందు మాత్రం ఇంట్లో అందరినీ ఒక్కసారి అడగండమ్మా!