కత్తెర గది కబుర్లు: తెర ఎర్రబడితే సినిమా పోయినట్టేనా?

కిందటి నెలలో ఓ రాత్రి పదకొండింటికి ఓ కుర్రాడు మా గది తలుపు తట్టాడు. చంకలో లాప్‌టాప్, చేతిలో హార్డ్‌డిస్కు. మొహాన నెత్తురుచుక్క లేదు.

"అన్నా, నా సినిమా పోయింది" అన్నాడు.

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి సంగతి కనుక్కున్నాను. డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ళ తాతగారు టూరింగ్ టాకీసుల్లో ముప్ఫయ్యేళ్ళు ఆపరేటరుగా చేశారట. ఆయన మీద పన్నెండు నిమిషాల షార్ట్‌ఫిల్మ్ తీశాడు. షూటింగయిన రెండు నెలలకి తాతగారు కాలం చేశారు. సంవత్సరీకం నాడు ఇంటిల్లిపాదికీ ఆ బొమ్మ వేసి చూపించాలని పట్టుదల. సంవత్సరీకం ఇంక మూడు రోజులే వుంది.

లాప్‌టాప్ తెరిచాడు. ప్రీమియర్‌లో బొమ్మ రావలసిన చోట ఎర్రటి తెర! దాని మీద 'మీడియా ఆఫ్‌లైన్' అని పలు భాషల్లో వుంది. ఎడిటింగ్ నేర్చుకునే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఈ ఎర్రతెరని మీరందరూ ఏదో ఒక రోజు చూస్తారు. అంచేత ఈ వారం దీని సంగతే చెప్పుకుందాం.

"సాఫ్ట్‌వేర్ పీకేసి మళ్ళీ ఎక్కిద్దామనుకుంటున్నానన్నా" అన్నాడు.

"ఆగు. ముందు ప్రాజెక్టు ఫైలుకి ఓ కాపీ తీసి వేరే చోట పెట్టు. తర్వాతే ఏదన్నా ముట్టుకుందాం" అన్నాను.

మొదటి మందు ఎప్పుడూ ఇదే. ఎందుకో తెలియాలంటే పాతకాలపు కత్తెర గదిలోకి ఓసారి తొంగి చూడాలి. ఆ రోజుల్లో ఎడిటరు కోసింది నెగటివ్‌ని కాదు, రష్ ప్రింటుని. నెగటివ్ లాబ్‌లో భద్రంగా వుండేది. కటింగ్ అంతా అయ్యాక, ఫిలిం అంచున వున్న నంబర్లు చూసుకుని నెగటివ్‌ని దాని ప్రకారం కోసేవారు. 1989లో వచ్చిన ఆవిడ్ మొదలుకుని నేటి ప్రీమియర్, డావిన్చీ రిసాల్వ్ వరకు అన్నీ ఈ పద్ధతే పట్టుకున్నాయి. ఫిలిం ముక్కలు వేలాడదీసే బుట్టకున్న 'బిన్' అనే పేరు కూడా అలాగే వుండిపోయింది.

అంటే, మీ ప్రాజెక్టు ఫైలులో సినిమా వుండదు! ఫలానా క్లిప్పులో ఇక్కడ మొదలుపెట్టి ఇక్కడ ఆపమని రాసుకున్న చీటీ మాత్రమే వుంటుంది. అసలు బొమ్మ హార్డ్‌డిస్కులో వుంటుంది. టైమ్‌లైన్ మీద మీరెన్ని కోతలు కోసినా దానికి గీత పడదు. ఎర్రతెర వచ్చిందంటే బొమ్మ చచ్చిపోయిందని కాదు. ఇల్లు మారిందని. ఉత్తరం పాత చిరునామాకి పోయి తిరిగొచ్చిందన్నమాట.

మనవాడి విషయంలో జరిగింది అదే. ఎడిట్ చేసినప్పుడు హార్డ్‌డిస్కు 'ఇ' డ్రైవుగా వుంది. ఆ రోజు ముందుగా ఓ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. 'ఇ' అనే పేరు దానికి పోయి, హార్డ్‌డిస్కు 'ఎఫ్' అయి కూర్చుంది. ఓ క్లిప్పు మీద కుడి క్లిక్ కొట్టి, 'లింక్ మీడియా' అని కొత్త చోటు చూపించాం. ఒక్కటి దొరగ్గానే అదే ఫోల్డరులో వున్నవన్నీ వాటంతటవే వచ్చేశాయి. రిసాల్వ్‌లో అయితే దీన్ని 'రీలింక్' అంటారు. ఫైళ్ళ పేర్లు మాత్రం మధ్యలో మార్చకండి. పేరు మారిస్తే వెతుక్కోవడం కష్టం.

కుర్రాడి మొహంలో వెలుగొచ్చింది. కాని పూర్తిగా కాదు. నాలుగు క్లిప్పులు ఇంకా ఎర్రగానే వున్నాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

బొమ్మ నడిపించాం. మొదట్లో మాటా పెదవీ కలిసే వున్నాయి. పోనుపోను మాట వెనకబడింది. ఇలాంటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవాలి. తేడా మొదట్నుంచీ ఒకేలా వుందా, పెరుగుతూ పోతోందా? ఒకేలా వుంటే సౌండుని నాలుగు ఫ్రేములు జరిపితే సరి. పెరుగుతూ పోతుంటే జరిపి లాభంలేదు, తప్పు వేగంలో వుంది. సెకనుకి 24 ఫ్రేములకీ 23.976కీ మధ్య తేడా వెయ్యోవంతే. కాని పన్నెండు నిమిషాల సినిమాలో అది ముప్పావు సెకనుకి దగ్గరగా, అంటే సుమారు 17 ఫ్రేములు అవుతుంది. పెదవి మూసుకున్నాక మాట వినిపిస్తుంది!

మనవాడు తీసింది ఫోనుతో. చాలా ఫోన్లు ఫ్రేముల వేగాన్ని నిలకడగా వుంచవు. వెలుతురు తగ్గినా, ఫోను వేడెక్కినా వేగం మారిపోతుంటుంది. మనవాడు విడిగా మైకులో పట్టిన సౌండేమో గడియారంలా నడుస్తుంది. ఇద్దరికీ జత ఎలా కుదురుతుంది? హాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫోను క్లిప్పుల్ని 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్' పెట్టి మార్చాం. ఆ మారిన క్లిప్పుల్ని టైమ్‌లైన్‌లోకి తెచ్చుకున్నాక మాట పెదవి మీదికొచ్చింది. ఈ పని ఎడిటింగ్ మొదలుపెట్టకముందే చేసుకుంటే సగం రాత్రి మిగులుతుంది.

తర్వాత జబ్బు నత్తనడక. ప్లే కొడితే బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. "కొత్త కంప్యూటర్ కొనాలేమో" అని నిట్టూర్చాడు. అక్కర్లేదు నాయనా! ఫోను ఫైళ్ళు బాగా కుదించి వుంటాయి. ఏ కొన్ని ఫ్రేములో నిండుగా వుంటాయి. మిగతావాటిలో వెనకటి ఫ్రేముకీ దీనికీ వున్న తేడా మాత్రమే రాసి వుంటుంది. ఒక ఫ్రేము చూపించడానికి కంప్యూటరు చుట్టుపక్కల ఫ్రేములన్నీ లెక్కగట్టుకోవాలి. అందుకే 'ప్రాక్సీలు' చేసుకోవాలి. అవి అసలు క్లిప్పులకి తేలికపాటి నకళ్ళు. కోతలు వాటి మీద కోస్తే, ఆఖర్న సాఫ్ట్‌వేర్ అసలు క్లిప్పుల్నే తీసుకుంటుంది. చూశారా, మళ్ళీ రష్ ప్రింటూ నెగటివూనే! అదీ చాలకపోతే ప్లేబాక్ నాణ్యత సగానికో పావుకో తగ్గించండి. మీడియా కాష్ తుడిచేయండి. భయం లేదు, కావలసింది సాఫ్ట్‌వేర్ మళ్ళీ తయారుచేసుకుంటుంది.

తెల్లవారుజామున మూడింటికి ఎక్స్‌పోర్ట్ పెట్టాం. 47 శాతం దగ్గర ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం. మళ్ళీ అక్కడే. ఒకే చోట ఆగడం మంచి శకునం. దొంగ అక్కడే దాక్కున్నాడన్నమాట. పన్నెండు నిమిషాల్లో 47 శాతమంటే కాస్త అటూ ఇటూగా అయిదున్నర నిమిషాలు. అక్కడ చూస్తే తాతగారి పాత ఫోటో వుంది. స్కానింగులో మహా పెద్దదిగా తీశాడు, వెడల్పే పన్నెండు వేల పిక్సెళ్ళు. దాన్ని నాలుగు వేలకి తగ్గించాం. ఎక్స్‌పోర్ట్ సాఫీగా నడిచింది. మీకు ఫోటో కాకపోతే ఏ ఎఫెక్టో, చెడిన క్లిప్పో కావచ్చు. దాన్ని తీసి చూడండి. అయినా లొంగకపోతే కొత్త ప్రాజెక్టు తెరిచి పాతదాన్ని అందులోకి ఇంపోర్ట్ చేయండి. అసలు ప్రాజెక్టే తెరుచుకోకపోతే 'ఆటో సేవ్' ఫోల్డరులో వెనకటి కాపీలుంటాయి. ఇంకో మాట. సినిమా మధ్యలో వుండగా సాఫ్ట్‌వేర్‌ని కొత్త వెర్షన్‌కి మార్చకండి.

ఇక ఆ నాలుగు క్లిప్పులు. తాతగారు ప్రొజెక్టరులో కార్బన్ కడ్డీలు ఎలా వెలిగించేవారో, రీలు మధ్యలో తెగితే జనం ఎలా ఈలలేసేవారో చెప్పిన ఇంటర్వ్యూ అది. మనవాడు ఆ క్లిప్పుల్ని హార్డ్‌డిస్కులోకి ఎక్కించలేదు. మెమరీ కార్డు నుంచి తిన్నగా టైమ్‌లైన్ మీదికి లాగేశాడు. కార్డు ఎక్కడరా అంటే, దాన్ని ఫార్మాట్ చేసి స్నేహితుడి పెళ్ళి షూట్ చేశాడట! ఫార్మాట్ చేసి ఊరుకుంటే రికవరీ సాఫ్ట్‌వేర్‌కి కొంతైనా చిక్కేది. దాని మీద పెళ్ళంతా తీశాక ఇంకేం చిక్కుతుంది? రీలింక్‌కీ, ఆటో సేవ్‌కీ లొంగని జబ్బు ఇదొక్కటే.

కుర్రాడు ఏడ్చాడు. నేను ఏమీ అనలేదు. కాసేపాగి అడిగాను, "ఎవరికైనా పంపావా ఈ సినిమా ఎప్పుడైనా?" అని.

హైదరాబాదులో వున్న వాళ్ళక్కకి మొదటి రఫ్‌కట్ వాట్సాప్‌లో పంపాడట. పొద్దున్నే ఫోను చేశాం. ఆవిడ దాన్ని తుడిచేయలేదు!

ఇలాంటిది పెద్దవాళ్ళకీ జరిగింది. 1998లో పిక్సార్ వాళ్ళు 'టాయ్ స్టోరీ 2' తీస్తుంటే, ఎవరో కొట్టిన ఒక కమాండుతో సినిమా ఫైళ్ళు చాలావరకు మాయమయ్యాయి. బాకప్ చూస్తే అదీ సరిగ్గా పనిచేయడం లేదు. సూపర్‌వైజింగ్ టెక్నికల్ డైరెక్టర్ గాలిన్ సుస్మన్, పసిబిడ్డ తల్లి కావడంతో ఇంట్లోనే పనిచేసుకోవడానికి ఒక కాపీ పెట్టుకున్నారు. ఆ కాపీయే గట్టెక్కించింది. అంత పెద్ద స్టూడియోకే ఇంట్లో కాపీ దిక్కయింది. అంచేత మన సూత్రం ఒకటే. కార్డు ఖాళీ చేసేముందు రెండు వేరువేరు డిస్కుల్లోకి ఎక్కించండి. రెండూ తెరిచి చూడండి. ఆ తర్వాతే ఫార్మాట్.

వాట్సాప్ బొమ్మ మసకగా వుంది. నిండు తెర మీద నిలవలేదు. తెర మధ్యన చిన్న చట్రంలో పెట్టి, మాటని కాస్త శుభ్రం చేశాం. సంవత్సరీకం మర్నాడు కుర్రాడు ఫోను చేశాడు.

"ఎలా వుందన్నారు?" అని అడిగాను.

"మసకబొమ్మ దగ్గర నాయనమ్మ ఆపించేసిందన్నా. అదే మళ్ళీ వెయ్యమంది. మూడుసార్లు వేశాను."

ఈ వారం మీ కార్డుల్లో ఏముందో ఓసారి చూసుకోండి. వచ్చే వారం కలర్ కరెక్షన్ కబుర్లతో కలుద్దాం.