రాత లేనిదే గీత లేదు

మేము హైదరాబాద్‌లో బ్యాండ్లకు టీషర్టులు, పోస్టర్లు, స్టిక్కర్లు గీసేవాళ్లం. మొన్న జరిగిన సంగతి ఈ రంగంలో అందరికీ తెలుసు. తెలియనట్టు నటిస్తున్నవాళ్లకు ఇంకా బాగా తెలుసు. అయినా రాసిపెడుతున్నాం, రేపు ఎవరూ మాట మార్చకుండా.

ఒక బ్యాండు మాలో ఆరుగురికి, ఒకరికి తెలియకుండా ఒకరికి, ఒకే వాయిస్ మెసేజ్ పంపింది. "అన్నా, మన మట్టి వాసన రావాలె. కానీ ఊరోళ్ల లెక్క ఉండొద్దు. జర డార్క్‌గా. ఇగ నీ ఇష్టం." ఏం గీయాలో చెప్పే బ్రీఫ్ అంటే అదే, అంతే. ఆరుగురం గీశాం. ఐదుగురికి జవాబే లేదు. ఆరో మనిషికి "టీమ్‌కి నచ్చలేదక్కా" అని వచ్చింది. కొన్నాళ్లకు గచ్చిబౌలి షో బయట బల్ల మీద, టీమ్‌కి నచ్చని ఆ బొమ్మే నల్ల టీషర్టుల మీద అమ్ముడుపోతోంది. డప్పు కుడివైపు నుంచి ఎడమవైపుకు మారింది, అంతకుమించి తేడా లేదు. అడిగితే "కాన్సెప్ట్ మాది" అన్నారు.

ఆ తర్వాత నగరంలోని షో నిర్వాహకులు, బ్యాండ్ల మేనేజర్లు మర్చండైజ్ నియమాలు రాయడానికి కూర్చున్నారు. ప్రింటర్‌ను పిలిచారు. తిరుప్పూర్ నుంచి షర్టులు తెప్పించే ఆయన్ను పిలిచారు. మమ్మల్ని పిలవలేదు. ఎందుకంటే, మేము వెండర్ల కింద వస్తామట. మరి ప్రింటర్ ఎవరు, వియ్యంకుడా?

అందుకే ఈ ప్రకటన. పోటీ పేరుతో ఉచితంగా గీయం. సగం అడ్వాన్సు అందనిదే పెన్సిల్ పట్టం. 'ఫలానా బ్యాండు షర్టులాగే కావాలి' అంటే ఆ ఫలానా చిత్రకారుణ్నే పిలుచుకోండి. షర్టు లోపల మెడ దగ్గర, సైజు అచ్చు పక్కన, గీసినవాళ్ల పేరు ఉండాలి. వీటి మీద చర్చ లేదు.

వీటన్నిటికన్నా గట్టిగా మేము పట్టుబట్టేది ఒక్కదాని మీద. బ్రీఫ్ కాగితం మీద ఉండాలి. కింద బ్యాండు తరఫున సంతకం ఉండాలి. ఒక్కరిదే.

ఒక్కరిదే ఎందుకు? సింగర్‌కు ఎరుపు కావాలి, డ్రమ్మర్‌కు ఎరుపంటే పడదు, మేనేజర్‌కు స్పాన్సర్ లోగో పెద్దగా కావాలి. ఈ పంచాయితీ మీ రిహార్సల్ గదిలో తెగాలి. మా తొమ్మిదో డ్రాఫ్టు మీద తెగితే కుదరదు.

కాగితం ఎందుకు? ముద్రణ నోటిమాట వినదు కాబట్టి. స్క్రీన్ ప్రింటింగ్‌లో రంగుకో ఫ్రేము. నల్ల బట్ట మీద రంగు తేలాలంటే అడుగున తెల్ల పూత పడాలి, దానికింకో ఫ్రేము. నాలుగు రంగుల బొమ్మకు ఐదు ఫ్రేములు. వేయించేది యాభై షర్టులే అయితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన? ఫిల్మ్ మీద అచ్చేసి బట్టకు అంటించే డీటీఎఫ్‌లో రంగుల లెక్క ఉండదు, నిజమే. కానీ ఛాతీ నిండా బొమ్మ పెడితే ప్లాస్టిక్ రేకు అంటించినట్టుంటుంది. మే నెల షోలో అది తొడుక్కుని నిలబడి చూడండి. ఏ పద్ధతో, ఎన్ని షర్టులో, ఎన్ని రంగులో, ఛాతీ మీదో వీపు మీదో, ఎన్ని అంగుళాలో ముందే రాసిస్తే దానికి తగ్గట్టు గీస్తాం. ఎక్స్‌ఎల్ మీద కుదిరిన పద్నాలుగంగుళాల బొమ్మ స్మాల్ మీద చంకల్లోకి పోతుంది. అప్పుడు తిట్లు ఎవరికి? వెండర్లకే.

పాటలోని మాట షర్టు మీద కావాలంటే, రాసినవాళ్లు తెలుగు లిపిలో చేత్తో రాసివ్వాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో వాట్సాప్ చేస్తే ల ఏదో ళ ఏదో, దీర్ఘం ఎక్కడో మేము సోది చెప్పాలా? పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే ఒత్తులు ఊడి పక్కన పడతాయి. సన్నగా గీసిన ఒత్తులో ఇంకు నిండితే చుక్కే మిగులుతుంది. పెళ్లికార్డుకైనా ప్రూఫ్ చూసి సరే అన్నాకే మిషనెక్కిస్తారు కదా!

ఇక 'మట్టి వాసన'. ఒకరికి అది బోనం, ఒకరికి తాటిచెట్టు, ఒకరికి ఎద్దుబండి. ఏ పాట నుంచి, పాటలో ఏ చోటు నుంచి రావాలో రాయండి. ఏం గీయకూడదో కూడా రాయండి. ఆ ఒక్క వరసే సగం పని చేస్తుంది.

రాసిస్తే కళ చచ్చిపోతుందని ఒకాయన ఆ నియమాల మీటింగులో అన్నాడట. రోలింగ్ స్టోన్స్ బ్యాండు నాలుక గుర్తుకు ముందు 1970లో వాళ్ల ఆఫీసు నుంచి జాన్ పాష్ అనే విద్యార్థికి ఉత్తరం వెళ్లింది. ఉత్తరాల కాగితం మీదికి, ప్రోగ్రామ్ పుస్తకం అట్ట మీదికి పనికొచ్చే గుర్తు కావాలని అందులో ఉంది. ఆ బ్యాండు గాయకుడు మిక్ జాగర్ కాళీమాత పటం చూపించాడు. అంటే ఏం చూడాలో చెప్పారు, ఎక్కడ వాడతారో రాసిచ్చారు. 2008లో ఆ అసలు బొమ్మను లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం కొనుక్కుంది. కళ చచ్చిందా? (పాష్‌కు మొదట ముట్టింది యాభై పౌండ్లు. ఆ కోపం వేరే ఉంది, ఇక్కడ వద్దు.)

'కాన్సెప్ట్ మాది' అన్నవాళ్లు చట్టం చదవాలి. భావనకు కాపీరైట్ ఉండదని సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. ఉండేది గీసిన రూపానికి. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కు మీ చేతికి రావాలంటే మేము రాతలో, సంతకంతో ఇవ్వాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. మరి డల్లాస్ షోకు సూట్‌కేసుల్లో పంపే షర్టుల మాటేమిటి? హక్కులన్నీ అమ్మేసినా, ఇది నేను గీశానని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ మాకే ఉంచింది. కాగితం మీకూ రక్షణే. ఆ మాట మీ మేనేజర్లు మీకు చెప్పరు.

వినండి. పాట స్పీకర్లు ఆపగానే ఆగిపోతుంది. షర్టు మర్నాడు బస్సెక్కుతుంది, కాలేజీకి వెళ్తుంది, ఊరికి వెళ్తుంది. మీరు పాడని చోట మీ పేరు మోసేది మా గీత! బాపు అక్షరం సినిమా టైటిళ్ల నుంచి పెళ్లికార్డుల దాకా నడిచినట్టు, మా అక్షరం షర్టుల మీంచి గోడల మీదికి, గోడల మీంచి పిల్లల నోటు పుస్తకాల్లోకి నడుస్తుంది. 'ఎవరు పాడారు' అని అడిగినట్టే 'ఎవరు గీశారు' అని జనం అడిగే రోజు వస్తుంది. ఆ రోజు బొమ్మ ముందు పుడుతుంది, బ్యాండు తర్వాత పుడుతుంది!

స్టేజీ మీది, వీపు మాది!
వాయిస్ మెసేజ్ బ్రీఫ్ కాదు!
రాత లేనిదే గీత లేదు!

కొత్త బ్యాండ్లకు ఒక మాట. బ్రీఫ్ ఎలా రాయాలో తెలియకపోతే పక్కన కూర్చుని రాయిస్తాం. దానికి డబ్బు తీసుకోం.

మా బొమ్మ అచ్చేసుకున్న ఆ పాత బ్యాండుకు ఒక మాట. మిగిలిన షర్టులు బల్ల మీంచి తీసేయాలి. అమ్మినవాటికి లెక్క చెప్పి, గీసిన మనిషికి డబ్బిచ్చి, ఆమె పేరు మీ పేజీలో మీరే రాయాలి. ఆ బొమ్మ ఎక్కించిన ఫ్రేములు ఇంకా ప్రింటర్ షెడ్డులోనే ఉన్నాయి. వాటిని మా ఎదురుగా కడిగించాలి. అప్పటిదాకా ఆ బ్యాండుకు, దాన్ని వెనకేసుకొస్తున్న మేనేజర్లకు మాలో ఎవరూ స్టిక్కర్ కూడా గీయరు.