ఆ పదివేల అడుగులు ఎవరి లెక్క?

‘ఈ ఉగాది నుంచి రోజూ పదివేల అడుగులు నడవాల్సిందే’ అని మీరూ అనుకున్నారా? ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కించే ఓ పరికరం అమ్మకానికి వచ్చింది. పేరు ‘మాన్‌పో కెయ్‌’, అంటే పదివేల అడుగుల మీటరు. అమ్మకం కోసం పెట్టిన పేరే మెల్లగా అందరికీ లక్ష్యమై కూర్చుంది.

నడక మంచిదే. కానీ మిగిలిన రెండు వేల అడుగుల కోసం రాత్రి పదకొండింటికి హాల్లో చక్కర్లు కొట్టి, మళ్లీ నాలుగున్నరకే అలారం పెట్టుకోవడం మాత్రం నాకు నచ్చదు. పెద్దలకు 7 గంటలైనా నిద్ర కావాలి. అందుకే ఏ లక్ష్యమైనా పెట్టుకునే ముందు దానికి సమయం ఎక్కడి నుంచి తెస్తారో కాగితం మీద రాయండి. ఫోన్‌ చూసే గంటలోంచి అయితే సరే. నిద్రలోంచి అయితే ఆ లక్ష్యాన్ని తగ్గించుకోండి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతున్నది వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం. వారానికి ఐదు రోజులు, రోజుకో అరగంట వేగంగా నడిస్తే సరిపోతుంది. పిల్లలకు డబ్బాలు కట్టి, బస్సెక్కి ఉద్యోగానికి పరుగెత్తే ఇల్లాలైతే ఓ స్టాపు ముందే దిగి నడవొచ్చు. (ఆ డబ్బాలు కట్టడం ఆయన లక్ష్యాల్లోనూ ఉంటే ఇంకా మేలు!)

‘21 రోజుల్లో అలవాటైపోతుంది’ అన్న మాటనూ నమ్ముకోకండి. లండన్‌ యూనివర్సిటీ కాలేజీ పరిశోధనలో అందుకు సగటున 66 రోజులు పట్టింది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్ద తేడా రాలేదు.